నవంబరు పుస్తకంలో షఫీ పేరు

పోయిన వారం మనం నసీమాను పోలండు వాళ్ల పాత చర్చిలో, చివరి బెంచీ పక్కన, రెండు చేతులా కేకు డబ్బా పట్టుకుని నిలబడి ఉండగా వదిలి వచ్చాం. ఎదురుగా ఫాదర్ నల్ల అట్ట పుస్తకం తెరిచి పేర్లు చదువుతున్నాడు. నోరు తిరగని పేర్లు, ఒకదాని వెనక ఒకటి. వాటి మధ్య, అన్నంలో రాయి తగిలినట్టు, ఒక పేరు తగిలింది.

"షఫీ, కడప."

అది నసీమా మొగుడి పేరు. నిరుడు జూన్‌లో తుఫాను, ఒమాన్‌లో అతను పనిచేసే ఖురియాత్ ఊరి మీద పడిన రోజు నుంచి కనిపించకుండా పోయిన మనిషి పేరు. దాన్ని చీటీ మీద రాయించి, నల్లమొగం మరియమ్మ పటం కింద ఉండే చెక్కపెట్టెలో వేసింది నసీమానే. కడప దర్గాలో అర్జీ రాసి కట్టినట్టు ఇక్కడ పెట్టెలో వేస్తారు కాబోలు అనుకుంది. తప్పిపోయినవాడు దొరకాలని వేసింది. ఫాదర్ నోట ఆ పేరు వినపడగానే మంచిదే అనుకుంది కూడా, ఒక్క లిప్తపాటు. ఆ తర్వాత ముందు బెంచీలో ముసలామె ఏడవడం చూసింది. ఆమె పక్కాయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం చూసింది. ప్రతి పేరుకూ ఎవరో ఒకరు తల దించుకుంటున్నారు.

దొరకాలని మొక్కుకునేవాళ్లు ఇట్లా ఏడవరు.

పూజ ముగిసింది. జనం బూట్లు చప్పుడు చేసుకుంటూ పక్క గదిలోకి టీ తాగడానికి పోయారు. కేకు కూడా అక్కడికే పోవాలి. నసీమా కాళ్లు కదల్లేదు. వేళ్లు డబ్బా అంచుల మీద బిగుసుకుని ఉన్నాయి. అవి తన వేళ్లేనా అన్నట్టు చూసుకుంది.

ఆ చర్చి చెప్పుకోదగ్గంత పెద్దదేమీ కాదు. ముప్పై ఏళ్ల కిందట నీళ్ల బోర్లు తవ్వడానికీ, రోడ్లు వేయడానికీ మస్కట్ వచ్చిన పోలండు వాళ్లు కట్టుకున్న హాలు. తర్వాత అదే ఆవరణలో పెద్ద చర్చి లేచింది. మలయాళీలు, గోవా వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు అందులోకి పోయారు. పోలండు వాళ్లు మాత్రం ఈ పాత గోడలను వదలలేదు. ప్రతి శుక్రవారం, సెలవు రోజున, మధ్యాహ్నం పూట తమ భాషలో పూజ చేసుకుంటారు. గోడకు వాళ్లు ఊరి నుంచి తెచ్చుకున్న మరియమ్మ పటం. ఆ తల్లి మొగం నలుపు, కుడి చెంప మీద రెండు గాట్లు. నసీమా మొదటిసారి చూసినప్పుడు ఎవరు కొట్టారో పాపం అనుకుంది. ఈ పొద్దు చూస్తే ఆ గాట్లకు నొప్పి లేనట్టుంది. గీతల్లాగా ఉన్నాయి, అంతే.

"నసీమా."

హలీనా మేడమ్. అరవై దాటిన మనిషి. ఆరు నెలలుగా నసీమా ఆమె ఇంట్లోనే పనిచేస్తోంది. నల్ల అట్ట పుస్తకం మేడమ్ చంకలో ఉంది. హిందీ ముక్కలూ ఇంగ్లీషు ముక్కలూ కలిపి మాట్లాడుతుంది ఆమె.

"నసీమా, షఫీ... కబ్ మరా?"

"మరా నహీ మేడమ్. జిందా హై."

మేడమ్ అర్థం కానట్టు చూసింది. చేతిలోంచి కేకు డబ్బా తీసుకోబోయింది. నసీమా వదల్లేదు.

"బతికే ఉంటే పేరు ఎందుకు వేశావు? ఈ పెట్టె పోయినవాళ్ల కోసం. నవంబరు నెలలో వాళ్ల పేర్లు చదువుతాం. మా దేశంలో మా నాన్న కాలం నుంచీ, ఆయన నాన్న కాలం నుంచీ ఇంతే. బతికున్నవాళ్లను ఇందులో వేయం."

మాట చెవిలో పడింది. లోపలికి దిగలేదు. గుమ్మంలోనే చెప్పులు విడిచి నిలబడ్డ చుట్టంలాగా అక్కడే ఆగింది.

మేడమ్ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి తెరిచింది. చివరి పేజీ. నీలం సిరా. ఇంగ్లీషు అక్షరాలు నసీమాకు రావు, అయినా మేడమ్ వేలు ఎక్కడ ఆగిందో అదే షఫీ అని తెలిసింది. అప్పుడు గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం మేడమ్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇదే పుస్తకంలో చీటీలు చూసి రాస్తోంది. నసీమా టీ పెట్టి, సిరాకు తగలకుండా కప్పును పక్కకు జరిపింది. మేడమ్ ఎందుకో లేచి ఆమె భుజం మీద చెయ్యి వేసి, మళ్లీ కూర్చుంది. చక్కెర ఎక్కువైందేమో అనుకుంది నసీమా.

"నేను అడగకూడదనుకున్నాను," అంది మేడమ్. "చెప్పుకోలేక చీటీ వేశావనుకున్నాను. బతికే ఉన్నాడని నీకు ఎలా తెలుసు?"

"దో రింగ్, మేడమ్."

రెండు రింగుల సంగతి ఈ కథ మొదటినుంచీ చదువుతున్నవాళ్లకు తెలుసు. ఆరేళ్ల కిందట షఫీ ఒమాన్ వచ్చిన కొత్తలో మొగుడూ పెళ్లాం ఒక ఏర్పాటు చేసుకున్నారు. ప్రతి జుమ్మా నాడు, అంటే శుక్రవారం, పొద్దు వాలే వేళ అసర్ అజాన్ అయ్యాక షఫీ ఫోన్ చేసి రెండు రింగులకు పెట్టేస్తాడు. రెండు రింగులంటే బాగున్నాను అని. మూడోది మోగితే ఎత్తాలి, మాట్లాడాలి అని. తుఫాను తర్వాత రెండు శుక్రవారాలు కడప ఇంట్లో ఫోన్ మోగలేదు. మూడో శుక్రవారం మోగింది. సరిగ్గా రెండు రింగులు. నంబరు పడలేదు. అప్పటిదాకా మంచం దిగని అత్త లేచి కూర్చుని అన్నం పెట్టమంది. అది పట్టుకునే నసీమా విమానం ఎక్కింది. మొన్న రంజాన్ సెలవుల్లో మేడమ్ వాళ్లతో ఖురియాత్ పోయినప్పుడు, తన ఇక్కడి నంబరు రాసిన చీటీలు ఒక్కో షాపులో ఇచ్చి వచ్చింది. ఆ మరుసటి వారం నుంచి ఇక్కడి ఫోనుకూ రెండు రింగులు వస్తున్నాయి. నాలుగు శుక్రవారాలు వచ్చాయి. ఈసారి నంబరు పడుతోంది. తిరిగి చేస్తే స్విచాఫ్.

మేడమ్ అంతా విన్నది. పర్సులోంచి సిరా పెన్ను తీసి, మూత విప్పి, పుస్తకం మీద పెట్టింది.

"ముప్పై ఏళ్లలో ఇందులో నుంచి ఒక్క పేరూ కొట్టెయ్యలేదు," అంది. "మొదటి పేజీలో మూడో పేరు మా అబ్బాయిది. ఏటా వింటాను. వాడు బతికే ఉన్నాడు, కొట్టెయ్యమని ఎవరైనా వచ్చి చెబితే ఎంత బాగుండునో. నువ్వు కొట్టెయ్యి నసీమా. నీ చేత్తోనే. నేను సంతోషిస్తాను. ఫాదర్ వచ్చే వారం మళ్లీ చదవడు."

నసీమా పెన్ను వైపు చూసింది. ఒక్క గీత. కానీ చెయ్యి లేవలేదు. అప్పటిదాకా తట్టని సంగతి అప్పుడు తట్టింది. చీటీ రాసింది తను కాదు, ఏళ్లుగా ఇక్కడే పనిచేస్తున్న సువార్త.

*

సువార్త చర్చి ముందువైపు మోకాళ్ల మీద కూర్చుని, నేల మీద కారిన మైనాన్ని పాత చాకుతో గీకుతోంది. కోనసీమ మనిషి. ఆరేళ్లుగా ఒక పోలండు ఇంట్లో వంట, శుక్రవారాలు ఇక్కడ ఊడ్చడం, తుడవడం. మస్కట్‌లో నసీమాకు తెలుగు వినపడేది ఈమె నోటే.

"అక్కా, ఆ చీటీ రాసింది నువ్వే గదా."

చాకు ఆగింది. "ఆయ్. నేనే."

"ఆ పెట్టె ఎవురికో నీకు తెలీదా?"

"ఆరేళ్ల నుంచి దాని దుమ్ము దులుపుతున్నది నేనే. తెలీకేం."

"మల్ల యేమిటికి రాసినావు?"

సువార్త లేచింది. మోకాళ్లకు మైనం పొట్టు అంటుకుని ఉంది. "నీకు చెప్దామని మూడు శుక్రారాలు అనుకున్నానే. ఒకసారి బిర్యానీ తెచ్చేవు. నోట్లో నీ ముద్ద పెట్టుకుని నీకా మాట ఎలా చెప్పను? ఇంకోసారి నవ్వుతా ఉన్నావు. నువ్వు నవ్వేదే సంవత్సరానికి ఒకసారి, అది నేను పాడు చెయ్యనా? ఇంతలో నువ్వే వచ్చి, అక్కా, షఫీ పేరు రాసిపెట్టవా అన్నావు. దేవుడే అడిగించేడు అనుకున్నా. రాసేసేను. నా నోటితో చెప్పక్కర్లేదు, ఫాదరే చదువుతాడు అనుకున్నా."

"ఏం చెప్పాల నువ్వు?"

సువార్త కిటికీ వైపు చూసింది. "నేను కాదు, అతను చెప్పాలి. బయట వేన్‌లో ఉన్నాడు. మూడు వారాల నుంచి వస్తన్నాడు, నా దగ్గర అంతా చెప్పుకున్నాడు, నిన్ను దూరం నుంచి చూస్తన్నాడు, వెళ్లిపోతన్నాడు. ఇవాళ నేనే తాళాలు లాక్కున్నా." జాకెట్టులోంచి వేన్ తాళం చెవి తీసి చూపించింది. "నన్ను తిట్టవే. పోనీ ఒకటి కొట్టు. ఇలా గోడలాగా నిలబడితే నాకు భయమేస్తంది."

నసీమా తిట్టలేదు. "పిలువు" అంది.

*

వచ్చినవాడు గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. నలభై ఏళ్లుంటాయి. గడ్డం మాసి ఉంది. గుడిలోకి వచ్చినట్టు పటం వైపు చేతులెత్తి, ఎవరికి మొక్కాడో తెలియక దించాడు.

"నేనమ్మా. పెంచలయ్యని."

షఫీ ఫోనులో మాట్లాడినప్పుడల్లా వినపడిన పేరు అది. పెంచలన్న వండినాడు, పెంచలన్న పాడతాండాడు, పెంచలన్న పెండ్లాం నీళ్లోసుకునింది. ఒకే తోటలో, ఒకే గదిలో ఉండేవాళ్లు. నసీమా ఖురియాత్‌లో అతని కోసం కూడా అడిగింది. షినాస్ పోయినాడు, అక్కడ చేపల వేన్ తోలుతున్నాడు అన్నారు.

"చెప్పు అన్నా" అంది నసీమా.

"కూచోమ్మా."

"ఫర్వాలేదు. చెప్పు."

పెంచలయ్య కూర్చోలేదు. నేల వైపు చూస్తూ చెప్పాడు, చాలాసార్లు లోపల చెప్పుకున్నవాడిలాగా.

"ఆ పొద్దు తెల్లారుజామునే వాన మొదులాయ. వాదీలోకి నీళ్లొచ్చినాయి. వాగు మాదిరే అనుకో. మేం ఇద్దరం పంపు షెడ్డు పైకెక్కినాం. నా ఫోను గదిలో చార్జింగుకు పెట్టి మర్సిపోయినా. మా యింటామెకు నొప్పులొస్తాండాయని ముందునాడే చెప్పినారు. నేను ఒకటే గొణుగుతాంటి, ఫోను, ఫోను అని. షఫీ నగినాడు. ఏందన్నా, బిడ్డ ఫోన్లో నుంచి బయటికొస్తాదా యేంది అన్నాడు. నగతానే దిగినాడు. అప్పుటికి నీళ్లు మోకాటి దంకే."

టీ గదిలోంచి చెంచాల చప్పుడు వస్తోంది. ఎవరో నవ్వారు.

"వాకిట్లోకొచ్చి ఫోను పైకెత్తి చూపించినాడు. చూడు, తడవలా అని అరిసినాడు. ఆ యెనక వచ్చినాయమ్మా నీళ్లు. గోడ పడె. మల్ల తల అగుపడలా. రెండు దినాలకు నీళ్లు దిగినాయి. గది లేదు. షఫీ లేడు."

"శవం చూసినావా?"

"లేదు."

సువార్త కొంగుతో నోరు మూసుకుంది. మేడమ్‌కు మాటలు అర్థం కాకపోయినా మనుషులు అర్థమయ్యారు. బెంచీ మీద కూలబడింది. నసీమా మాత్రం ఏసీ చప్పుడు వింటోంది. పంపు షెడ్డును ఊహించుకోవాలని చూసింది. రాలేదు. షఫీ మొగం రాలేదు. తడవని ఫోను ఒక్కటే వచ్చింది, ఎవరి చెయ్యీ లేకుండా గాల్లో.

"మల్ల రింగులు?" అంది.

పెంచలయ్య ఈసారి కూర్చున్నాడు. బెంచీ మీద కాదు, నేల మీద.

"అవి నావేనమ్మా. మీ ఊరికి కొట్టింది నేనే. మూడో జుమ్మా నాడు, నీకు ఉన్నది చెప్పేద్దామని వేరే ఫోను కొని చేసినా. మోగతాంటే గుండె జారిపోయ. రెండు రింగులకే కట్ చేసినా. మీ ఇద్దురి మధ్య రింగుల లెక్క ఉండాదని నాకేం తెల్సు? ఆ వారం మా యింటామె ఊర్లో విని చెప్పె, షఫీ బతికే ఉండాడంట, రెండు రింగులిచ్చినాడంట, వాళ్లమ్మ లేసి అన్నం తినిందంట అని." నేల మీది మైనం మరకను గోటితో గీకాడు. "ఆ ముసలామె అన్నం తినిందని ఇన్నాక, మర్సటి వారం కొట్టకుండా ఎట్ల ఉండాల? పదకొండు నెల్లు కొట్టినా. ప్రతి జుమ్మాకు ఇదే ఆఖరు అనుకుంటా కొట్టినా. నువ్వు ఈ దేశం వచ్చినావని తెల్సినాక నిలిపేసినా."

నసీమా ఆ చివరి మాట దగ్గర ఆగింది.

"నిలిపేసినావా?"

"నిలిపేసినా."

"ఇక్కడికి కూడా వస్తాండాయి. నాలుగు వారాలు." ఆమె నంబరు చెప్పింది. ఎనిమిది అంకెలూ, కలిమా చెప్పినట్టు, తడుముకోకుండా.

పెంచలయ్య తల అడ్డంగా ఊపాడు. "అది నాది గాదు."

"నా చీటీ ఖురియాత్‌లో నీకు దొరికింది గదా. లేకుంటే ఇక్కడికెట్ల వస్తావు?"

"దొరికింది. షాపాయన ఇచ్చినాడు, పోలండు మేడమ్ అని, ఈ చర్చి అని చెప్పినాడు." జేబులోంచి నలిగిన చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. దాని పక్కనే ఫోను కూడా పెట్టాడు. "నీ నంబరు నా జేబులోనే ఉండాది. అయినా కొట్టలా. ఇంక అబద్దం ఆడలేక, మొగం చూసి చెప్దామనే వచ్చినా. నమ్మితే నమ్ము, లేకుంటే లేదు."

సువార్త చప్పున అంది, "పదకొండు నెలలు అబద్ధం మోగించినోడివి, ఇప్పుడు నిజమంటే ఎవరు నమ్ముతారయ్యా!"

నసీమా ఆ ఫోను వైపు చూసింది. చేపల వాసన వేస్తోంది. నమ్మడం, నమ్మకపోవడం రెండూ ఒకటే బరువుగా ఉన్నాయి. ఒక మనిషి ఇంకో మనిషి బిడ్డ కబురు కోసం నీళ్లలోకి దిగాడు. షఫీ అయితే దిగుతాడు. నగతానే దిగుతాడు. అది మాత్రం అబద్ధం కాదు. అంత సరిగ్గా షఫీని ఎవరూ కల్పించలేరు.

"ఏం బిడ్డ అన్నా?" అని అడిగింది.

"ఆ?"

"మీ ఇంట్లో. ఏం బిడ్డ పుట్టింది?"

"ఆడబిడ్డమ్మా" అన్నాడు పెంచలయ్య, తప్పు ఒప్పుకున్నట్టు.

నసీమా కేకు డబ్బా మూత తీసింది. గసగసాల కేకు. పొద్దున తనే కోసి పేర్చింది. "తిను" అని అతని ముందు పట్టుకుంది. పెంచలయ్య ఆ డబ్బా వైపు చూసి, రెండు చేతులతో మొగం కప్పుకుని, పెద్దగా ఏడ్చాడు. సువార్తా ఏడ్చింది. నసీమా డబ్బా పట్టుకునే ఉంది. ఎవరూ తీసుకోకపోతే మూత పెట్టి, మొదటిసారిగా దాన్ని బల్ల మీద దించింది. వేళ్ల మీద అంచుల గీతలు పడ్డాయి, నాలుగు వేళ్లకూ.

"నసీమా," మేడమ్ మెల్లగా పిలిచింది. పుస్తకం తెరిచే ఉంది. పెన్ను మూత విప్పే ఉంది. "ఏం చేస్తావు?"

నసీమా పెన్ను తీసుకుంది. షఫీ పేరు మీదికి దాన్ని తెచ్చింది. ఒక్క గీత గీస్తే షఫీ మళ్లీ ఎక్కడో ఉంటాడు. ఇంకో ఏడాది, ఇంకో రెండేళ్లు, ప్రతి జుమ్మాకూ ఉంటాడు. గీయకపోతే ఇక్కడే ఉంటాడు, ఈ నోరు తిరగని పేర్ల మధ్య, మేడమ్ కొడుకు ఉన్న పుస్తకంలో. ఏడాదికొకసారి ఎవరో ఒకరు పిలుస్తారు. తన ఊరిలో గోరీ కూడా లేదు అతనికి.

గోడ అవతలి మసీదులో అసర్ అజాన్ మొదలైంది. ఆమె అలవాటుగా కొంగు తల మీదికి లాక్కుని, అయ్యేదాకా కదలకుండా నిలబడింది. అజాన్ అయిపోయింది.

"ఉండనీ మేడమ్" అంది. "రహనే దో."

పెన్ను మూత కోసం బల్ల మీద తడిమింది.

అప్పుడు మోగింది, భుజానికి వేసుకున్న సంచిలో. ఒక రింగు.

సువార్త గబుక్కున బల్ల వైపు చూసింది. పెంచలయ్య ఫోను నలిగిన చీటీ పక్కన, వెలుగు లేకుండా, పెట్టింది పెట్టినట్టే ఉంది. పెంచలయ్య రెండు చేతులూ మొగం మీదే ఉన్నాయి. ఆ చేతులు మెల్లగా కిందికి జారాయి.

రెండో రింగు.

నసీమా ఫోను బయటికి తీసింది. అదే నంబరు. ఆమె ఎత్తలేదు. ఆగిపోవడం కోసం చూసింది. నాలుగు వారాలుగా ఆగినట్టే, ఆరేళ్లుగా ఆగినట్టే ఇప్పుడు ఆగిపోతుంది. షఫీ పేరు పక్కన సిరా చుక్క ఒకటి రాలి పడింది, ఆమె చూడలేదు.

మూడో రింగు మోగింది.